నికెల్ గొట్టానికి కుంకుమబొట్టు

ఆళ్లగడ్డ శిల్పుల ఉలులకు పదును పెట్టే దాసరయ్యకు ఇనుమంటే ఎంత చనువో, తనకు తెలియదని ఒప్పుకోవడమంటే అంత నామోషీ. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో వెల్డింగ్ మిషన్ కొన్న మర్నాడే "ఏ లోహమైనా అతకబడును" అని బోర్డు పెట్టించాడు. రాసింది కూతురు నాగేశ్వరమ్మ. తల్లి పోయాక ఎనిమిదో తరగతితో ఆమె బడి మాన్పించి, కొలిమి తిత్తి చేతికిచ్చాడు.

ఆ బోర్డు చూసి నంద్యాల ఫ్యాక్టరీ ఇంజనీరు లక్ష్మీనరసింహం జీపు ఆపాడు. బట్టీలో వాడే మూరెడు గొట్టం తెచ్చాడు, మధ్యలో జానెడు పగులు.

"ఇది నికెల్, క్రోమియం కలిపిన లోహం. ఎర్రగా కాలినా ఇనుములా మెత్తబడదు. అతికేటప్పుడు మాత్రం నూనె, మురికి, రంగు ఏదీ అంటకూడదు దాసరయ్యా. వాటిలో గంధకం ఉంటే వేడికి లోహంలో దూరి చీల్చేస్తుంది."

"నాకు చెప్పల్నా సార్?"

జీపు పోగానే పగులు దగ్గరకు తెద్దామని గొట్టాన్ని ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టాడు. గొట్టం చలించలేదు, సుత్తే ఎగిరింది.

ఉలి కోసం వచ్చిన శిల్పి సంజీవయ్య నవ్వాడు. "ఏందన్నా, అదే నిన్ను కొడతాంది?"

"ఇది అతక్కపోతే ఆ బోర్డు దించేస్తా. మళ్లీ ఎక్కిస్తే అడుగు!"

గొట్టాన్ని అద్దంలా రుద్ది, ఇంజనీరు ఇచ్చిపోయిన మురికి తీసే మందుతో తుడిచాడు. ఆ తర్వాత, ఏ పనికైనా చేసినట్టే, నూనెలో తడిపిన కుంకుమతో పగులుకు రెండు కొసలా బొట్లు పెట్టాడు. ఆయన లెక్కలో బొట్టు మురికీ కాదు, రంగూ కాదు. అతికి చల్లారనిస్తే, సరిగ్గా ఆ రెండు కొసలా చీలింది. అమ్మవారికి సరిపోలేదని మర్నాడు బొట్లు పెద్దవి చేసి మళ్లీ అతికాడు. చీలికలూ పెద్దవయ్యాయి. సంజీవయ్య పదునున్న ఉలినే రోజూ పదునుకు తెస్తున్నాడు.

నడుమ అతుకు చెక్కుచెదరలేదని నాగేశ్వరమ్మ గమనించింది. తప్పు బొట్టుదంటే పట్టకారు విసురుతాడు. తిత్తి ఊదుతూ ఉపాయం ఆలోచించింది.

"నాయనా, చాకిరీ చేసేది మిషను. దాన్నిడిసి గొట్టానికి బొట్టు పెడితే అమ్మవారేమనుకుంటాది?"

దాసరయ్య గంభీరంగా గడ్డం నిమిరాడు. "నేనూ అదే అనుకుంటాండా."

చీలిన చోటల్లా అరగదీసి, తుడిచి, మిషనుకు రూపాయంత బొట్టు పెట్టాడు. కొంచెం కొంచెంగా అతుకుతూ చల్లారనిచ్చాడు. ఈసారి పగుళ్లు రాలేదు. ఇంజనీరు భూతద్దంతో చూసి, కూలి ఇచ్చి గొట్టం తీసుకుపోయాడు.

"నికెల్‌కు బొట్టు పడదప్పా" అని దాసరయ్య సంజీవయ్యకు పాఠం చెప్పాడు. "మొదటి దినమే కనుక్కున్నా. రెండు దినాలు పరీక్ష చేస్తాంటి."

బోర్డు దిగలేదు సరికదా, దాని మీదికి "నికెల్ కూడా" ఎక్కింది. నాగేశ్వరమ్మ నిచ్చెనెక్కి రాస్తుంటే, అక్షరం ముక్క రాని దాసరయ్య కింద నిలబడి కసిరాడు.

"తిన్నగా రాయమ్మే! ఇంత చదివించినా బుద్ధి రాలేదు."