నన్నడగని మ్యాచింగ్

నలభై దాటాక బైబిలు కోసం అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. తణుకులో మా చర్చి కంప్యూటర్‌లో ఆదివారం పాటలు టైపు చేసేవాణ్ణి. ఇంగ్లీషు రాదు. పేజీ పోకుండా దాచడానికి తెర మీద నీలం బొమ్మ నొక్కాలని మాత్రం తెలుసు. ఒక శనివారం చూస్తే బొమ్మలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కాను. పొద్దున్నుంచి కొట్టిన పాటలన్నీ పోయాయి.

"బొమ్మల్ని డెస్క్‌టాప్ రంగుకి మ్యాచింగ్ చేశానండి, బావుంది కదా బాబాయ్ గారూ?" అన్నాడు మా చర్చి సంఘ కార్యదర్శి నవ్వుతూ.

"దీన్నేమన్నా పెళ్లికి తీసుకెళ్తున్నావా, చీరకి జాకెట్టులా మ్యాచింగ్ చేయడానికి? పనిచేసేది నేను. నన్నో మాట అడగవేంటి?"

"బొమ్మ మీద బాణం పెడితే పేరొస్తుందండి, చదువుకోవచ్చు."

"ఆ ఇంగ్లీషు ముక్క నువ్వే చదువుకో. ముందు నా బొమ్మలు నాకు పెట్టు."

పాత రంగులు వచ్చేదాకా కుర్చీ పక్కనే నిలబడ్డాను. పాటలు మళ్లీ అతని చేతే కొట్టించాను.