రస్కుల వేడిలో ఆరిన మాగ్నెటో

విమానం ఎగరకుండా ఆపడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. ట్యాంకులో పెట్రోలు తోడేయవచ్చు. చక్రాల్లో గాలి తీసేయవచ్చు. ప్రొపెల్లర్ ఊడదీసి దాచేయవచ్చు. కానీ పెట్రోలు ఎవరైనా మళ్లీ పోసుకుంటారు, గాలి ఎవరైనా కొట్టుకుంటారు, ప్రొపెల్లర్ మనిషి కంటే పొడుగు కనుక దాచే చోటు దొరకదు. అందుకని మా ఉస్తాద్ మాగ్నెటోలు తీసేశాడు.

ఆయన బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో పెద్ద మెకానిక్కు. నేను డిప్లొమా పూర్తిచేసి ఆయన కింద చేరి అప్పటికి రెండేళ్లు నిండలేదు. మా చేతికింద మిగిలింది ఒకే ఒక్క శిక్షణ విమానం. గుడ్డ తొడిగిన రెక్కలు రెండంతస్తులు, ఒకదాని వెనుక ఒకటి రెండు సీట్లు, ముక్కులో ఒక ఇంజను. ఆ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేవి మాగ్నెటోలు. ఒక్కొక్కటీ రెండు పిడికిళ్లు జోడించినంత ఉంటుంది. గాల్లో ఒకటి మొండికేస్తే రెండోది మనిషిని కిందికి చేర్చాలని ఇంజనుకు రెండు పెడతారు. మా విమానంలో ఆ రెంటిలో ఒకదానికి స్ప్రింగు ఉండేది. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పినప్పుడు అది ‘టక్’మని విడిచి గట్టి నిప్పురవ్వనిస్తుంది. అది లేకుండా ఇంజను లేవదు.

రజాకార్ల రోజులవి. సరిహద్దుల్లో సరుకు ఆగిపోయి నెలల తరబడి పెట్రోలు లేక విమానం షెడ్డులోనే ఉంది. ఊళ్లో లారీలూ కార్లూ ఎవరివి దొరికితే వాళ్లవి పట్టుకుపోతున్నారు. ఒక మధ్యాహ్నం ఇద్దరు రజాకార్లు వచ్చి విమానం చుట్టూ తిరిగారు. ఇది ఎగురుతుందా, నేర్చుకోవడం కష్టమా అని అడిగారు.

“ఎగుర్తది సాబ్,” అన్నాడు ఉస్తాద్. “ఎగురుడు ఆసాన్. దిగుడే కష్టం.”

వాళ్లు మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. వాళ్ల జీపు గేటు దాటగానే ఉస్తాద్ ఇంజను మూత తెరిచాడు.

“ఎవడో పోరగాన్ని ఎక్కిస్తరు. వాడు పోయి ఏ తాళ్ల తోపులనో పడి సస్తడు. మనం బోల్టు బిగించిన బండిల ఎవడు సచ్చినా మన మీదికే వస్తదిరా. పాన ఇటియ్యి.”

స్ప్రింగున్నది నాకిచ్చి, రెండోది తన సంచిలో వేసుకున్నాడు. కింద పడొద్దు, నీళ్లు తగలొద్దు, ఎవరూ ఊరికే తిప్పొద్దు, అని మూడు జాగ్రత్తలు చెప్పాడు. మారేడ్‌పల్లిలో మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ మిషన్ బడిలో టీచరు. ఆ మూడు జాగ్రత్తలూ అదే వరుసలో అమ్మకు చెప్పాను. ఆవిడ దాన్ని పాత లుంగీలో చుట్టి, క్రిస్మస్ కేకులు దాచే రేకు డబ్బాలో పెట్టి అల్మారా మీదికి ఎక్కించింది.

తర్వాత పోలీసు చర్య వచ్చింది. ఐదు రోజులు తలుపులు వేసుకుని కూర్చున్నాం. పైన విమానాల చప్పుడు వినిపిస్తే ఏ రకం ఇంజనో చెవితోనే గుర్తుపట్టడానికి ప్రయత్నించేవాణ్ణి. అమ్మ మాత్రం వంటింటి గోడకు వీపు ఆనించి కీర్తనలు పాడుకునేది. సర్కారు సైన్యం లొంగిపోయిందని రేడియోలో చెప్పిన సాయంత్రం వీధిలో కిటికీలన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. చాలా రోజుల తర్వాత ఎవరింట్లోనో పోపు వాసన బయటికి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

క్లబ్బు పనివాళ్లంతా వచ్చి కనిపించాలని కబురొచ్చింది. వెళ్లాను. వరండా బల్ల మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. పక్కన తుపాకీతో ఒక సిపాయి. లోపల కొత్తగా వచ్చిన మిలిటరీ అధికారి మేజా మీద ఉస్తాద్ తీసుకెళ్లిన మాగ్నెటో ఉంది, తీగలు వేలాడుతూ.

ఉస్తాద్ ఇల్లు సోదా చేసినప్పుడు అది దొరికిందట. మొదట బాంబు సామాను అనుకున్నారట. తర్వాత విమానం చూస్తే రెండు మాగ్నెటోల చోటూ ఖాళీ. ఎవరి చేతికీ పోకూడదని తీశానని ఉస్తాద్ చెప్పాడు. మరి రెండోదెక్కడ అంటే మాత్రం నోరు విప్పలేదు. నా పేరు రాకూడదని. అది నాకు అర్థమైన మరుక్షణమే, రెండోది మా ఇంట్లో ఉందని అధికారితో చెప్పేశాను.

ఉస్తాద్ తల తిప్పి నన్ను చూశాడు. “నిన్నెవడు అడిగిండురా?” అన్నాడు మెల్లగా.

అధికారి కోపిష్టి మనిషి కాడు. అలసిపోయి ఉన్నాడు. హిందీలో చెప్పింది ఇంతే: రేపు సాయంత్రం లోగా రెండూ బిగించి తన కళ్ల ముందు ఇంజను నడిపించాలి. నడిస్తే, దాచడానికే తీశాడన్న మాట నమ్మి ఉస్తాద్‌ను ఇంటికి పంపుతాడు. నడవకపోతే విచారణకు వెళ్లే లారీలో ఎక్కిస్తాడు. ఆ రోజుల్లో ఆ లారీ ఎక్కినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఇంటిదాకా సైకిలు ఎక్కడా ఆపకుండా తొక్కాను. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

“అమ్మా, కేకు డబ్బా కావాలి.”

“నువ్వు వెళ్లాక మన వీధిలోకి సోల్జర్లు వచ్చార్రా. ఇల్లిల్లూ వెతుకుతారన్నారు. ఆ ఇనుప ముద్ద చూస్తే నిన్నేం చేస్తారోనని...”

“ఎక్కడ పెట్టావు?”

“బావిలో.”

నేను సైకిలు గోడకు ఆనించి బావి వైపు నడిచాను.

“నీళ్లు తగలకూడదన్నావుగా! అందుకే మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోశాను. తాడు గట్టిగానే కట్టాను.”

“వాళ్లు ఇంట్లోకి వచ్చారా?”

“ఎక్కడ? ఎదురింట్లో మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయారు.”

తాడు లాగాను. డబ్బా పైకి వస్తూనే గళగళమంది. అమ్మ పోసిన మైనం ఒక్కచోట కూడా వదల్లేదు. నీళ్లు అడుగు అతుకులోంచి ఎక్కాయి. లుంగీ పిండితే దోసెడు నీళ్లు కారాయి.

వంటింటి అరుగు మీద దినపత్రిక పరిచి మాగ్నెటో విప్పాను. తుడవగలిగినవన్నీ తుడిచాను. బేరింగులు, గేర్లు, మూతలు. చిక్కంతా తీగచుట్టతోనే. వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు, వాటి మధ్య లక్క పూసిన కాగితం. అందులో చెమ్మ దూరితే నిప్పురవ్వ దారి తప్పి లోలోపలే చచ్చిపోతుంది. ఎండబెడదామంటే బయట భాద్రపదపు ముసురు. బొగ్గుల కుంపటి మీద పెడితే ఒక పక్క మాడి ఇంకో పక్క తడిగానే ఉంటుంది, లక్క కరుగుతుంది. ఆ చుట్టకు కావలసింది మెత్తటి వేడి, అన్ని వైపులా ఒకే రకంగా, గంటల తరబడి.

అమ్మ టీ గ్లాసూ రెండు రస్కులూ పక్కన పెట్టింది. నేను రస్కు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.

“తినరా. చూస్తావేంటి, అదీ మాగ్నెటోనా?”

రస్కు అంటే మరేం లేదు, చెమ్మంతా లాగేసిన రొట్టె. మాడకుండా, కరగకుండా.

మర్నాడు పొద్దున్నే మోండా మార్కెట్ దగ్గరి ఇరానీ బేకరీకి వెళ్లాను. యజమాని చిన్నప్పటి నుంచీ నన్నెరుగును. పేటలో అందరితోనూ తనదైన తెలుగులో మాట్లాడేవాడు. నా సంచిలో సామాను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఏంది బాబూ ఇది? బాంబు గిట్ల కాదు గద? నా భట్టీ పేలితే నేను ఇరాన్ దాంక నడిచి పోవాలె.”

“విమానం ముక్క చాచా. తడిసింది. రస్కులు ఆరే వేడి కావాలి.”

“హవాయీ జహాజ్‌ని రొట్టె చేస్తవా?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఉస్తాద్ సంగతి చెప్పాను. ఆయన కూడా నవ్వు ఆపేసి భట్టీ తలుపు తీశాడు. పొద్దుటి రొట్టెలు దిగిపోయాయి, నిప్పు లాగేశారు, ఇటుకల్లో వేడి మాత్రం మిగిలింది. రస్కుల తట్టలో ఒక మూల ఖాళీ చేసి తీగచుట్టను అక్కడ పెట్టించాడు.

“రస్కు రంగు మారితే నీ సామాన్ ఖరాబ్. మారకపోతే సలామత్. నువ్వు రస్కునే చూడు.”

చూస్తూనే ఉన్నాను. నాలుగోసారి తలుపు తీసేసరికి కసురుకున్నాడు. “గడిగడికి తీస్తే వేడంత బయటికి పోతది. అది బిడ్డ కాదు, ఏడ్వదు. కూసో!”

మధ్యాహ్నానికి తట్ట బయటికి వచ్చింది. రస్కులు లేత రంగులోనే ఉన్నాయి. తీగచుట్ట మీద లక్క చెక్కుచెదరలేదు. బేకరీ బల్ల మీదే అన్నీ బిగించి, తీగ కొసను ఇనుముకు దగ్గరగా పెట్టి ఇరుసు తిప్పాను. టక్. నీలం రంగు నిప్పురవ్వ దూకింది. చాచా కూడా దూకాడు.

సంతోషం సగమే. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసిన తీగచుట్ట, లోపల కాస్త చెమ్మ మిగిలినా, ఇంజను వేడెక్కగానే చేతులెత్తేస్తుంది.

ఎయిరోడ్రోములో నన్నొక్కణ్ణే విమానం ముట్టుకోనిచ్చారు. ఉస్తాద్‌ను రెక్క పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, సిపాయి ఆయన వెనక నిలబడ్డాడు. బావి సంగతి ఉస్తాద్‌కు చెబుదామంటే వీలు లేదు. కత్తులూ తుపాకులూ జనం బావుల్లో పడేస్తున్నారని ఊరంతా చెప్పుకుంటున్న రోజులు. ఆ మాట అధికారి చెవిన పడితే మళ్లీ మొదటికొస్తుంది.

రెండు మాగ్నెటోలూ నేనొక్కణ్ణే బిగించడం అదే మొదటిసారి. మాగ్నెటో లోపల నిప్పురవ్వను విడిచే రెండు కొనలు విడిపోయే క్షణం తెలియడానికి వాటి మధ్య సిగరెట్ కాగితం పెట్టి, అది వదులై జారేదాకా ప్రొపెల్లర్‌ను వెంట్రుకవాసి చొప్పున జరిపాను. మూత వేయబోతుంటే ఉస్తాద్ గొంతు వినిపించింది.

“ఏమేం బిగించినవ్, జోర్‌గ చెప్పు.”

మా షెడ్డు ఆనవాయితీ అది. మూసే ముందు బిగించినవాడు పైకి చెప్పాలి, రెండోవాడు వినాలి. నట్లు, వాషర్లు, తాళం తీగలు, ప్లగ్గుల తీగలు వరుసగా చెప్పాను. చివర్లో ఒక వాషరును రెండుసార్లు చెప్పాను.

“పరేషాన్ గాకు. జెర నీళ్లు తాగు,” అన్నాడు.

అధికారి తన జీపు డబ్బాలోంచి పెట్రోలు ఇప్పించాడు. పల్చటి తోలుగుడ్డలో వడగట్టి పోశాను. చక్రాల కింద దిమ్మలు పెట్టాను. ఒకరు ప్రొపెల్లర్ తిప్పాలి, ఒకరు లోపల కూర్చోవాలి అని చెబితే ఉస్తాద్‌ను సీట్లోకి ఎక్కనిచ్చారు.

“స్విచ్ ఆఫ్?” అని అరిచాను.

“ఆఫ్.”

ప్రొపెల్లర్ నాలుగు చుట్లు తిప్పి ఇంజనుకు పెట్రోలు పట్టించాను.

“కాంటాక్ట్?” స్విచ్చు వేయమని దాని అర్థం.

“కాంటాక్ట్!”

లాగాను. టక్. ఏమీ లేదు. అధికారి గడియారం చూసుకున్నాడు. మళ్లీ లాగాను. టక్ అన్నది, ఇంజను దగ్గింది, నల్లటి పొగ కక్కింది, అందుకుంది. షెడ్డు రేకులన్నీ మోగాయి. అధికారి మొహంలో మొదటిసారి నవ్వు చూశాను.

ఇక ఆపేయమని ఉస్తాద్‌కు సైగ చేశాను. ఆయన ఆపలేదు. వేడెక్కనిచ్చాడు. తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు. ప్రతిసారీ చేసేదే. ఒక్కొక్క మాగ్నెటోనే కట్టేసి, మిగిలిన ఒక్కదానితో ఇంజను నిలబడుతుందో లేదో చూడాలి. ఈ ఒక్కరోజుకూ వద్దని మళ్లీ సైగ చేశాను. ఆయన చెయ్యి బయటికి చాపి, సీటు పక్కన బయటే ఉండే స్విచ్చు మీద పెట్టాడు.

ముందు నాది కట్టేశాడు. చప్పుడు కాస్త దిగి నిలబడింది. మళ్లీ వేశాడు. తర్వాత తనది కట్టేశాడు.

ఇప్పుడు ఇంజను నడుస్తున్నదంతా మా బావిలో మునిగిన దానితోనే. చప్పుడు దిగింది. ఇంకా దిగుతుందేమోనని చెవి అటే పెట్టాను. దిగలేదు. మొదటిదానికి ఎంత దిగిందో దీనికీ అంతే. ఉస్తాద్ దాన్ని అలాగే ఉంచాడు, మొదటిదాని కంటే ఎక్కువసేపే. తర్వాత రెండూ వేసి, నెమ్మదిగా ఆపాడు.

చక్రం పక్కనే గడ్డి మీద కూర్చున్నాను. ఉస్తాద్ దిగి వచ్చి మూత ఎత్తి ముక్కు లోపలికి పెట్టాడు.

“ఏందిరా, రస్కుల వాసనొస్తుంది?”

గొంతు తగ్గించి అంతా చెప్పాను. బావి, మైనం, భట్టీ. ఆయన భుజాలు ఊగడం మొదలైంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“బావిల మునిగింది, భట్టీల ఉడికింది. ఇగ దీనికి ఏం గాదు పో.”

ఏమంటున్నాడని అధికారి అడిగాడు. ఉస్తాద్ ఉర్దూలో, “ఏం లేదు సాబ్, పిల్లగానికి ఆకలైతుందట,” అన్నాడు. అధికారి మా ఇద్దరికీ టీ తెప్పించాడు. తాగాక, ఇక వెళ్లవచ్చని చెప్పి, సిపాయి చేత ఉస్తాద్ సంచి తిరిగి ఇప్పించాడు. సిపాయి సంచితోపాటు ఒక బీడీ కూడా ఇచ్చాడు.

ఉస్తాద్‌ను నా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మారేడ్‌పల్లి దాకా తీసుకొచ్చాను. ఆయన ఇల్లు యాప్రాల్ దారిలో, మా ఇంటి మీదుగానే పోవాలి.

“నేను ఆపమని సైగ చేశాను కదా ఉస్తాద్, చూడలేదా?”

“చూసిన. నువ్వు సైగ చేసినంకనే శక్ వచ్చింది, ఏదో దాస్తున్నవని.”

ఉస్తాద్‌ను గేట్లో చూసి అమ్మ ఒక్క క్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత బావిలోంచి నీళ్లు తోడి ఆయన చేతులకు పోసింది.

“అన్నయ్య గారూ, నావల్లే ఇంత పనయింది. మైనం సరిగ్గా పోసినట్టు లేను.”

“మైనం మస్తుగుందమ్మా. డబ్బానే ఖరాబ్,” అన్నాడాయన.

చాచా డబ్బు తీసుకోకుండా ఇచ్చిన రస్కుల పొట్లం నా సంచిలోంచి తీసి అమ్మ ఆయన చేతిలో పెట్టింది, ఇంట్లో వాళ్లకని. ఆయన దాన్ని నా సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని ఎక్కి కూర్చున్నాడు.

“సైకిల్ రేపు తెస్త. నువ్వు సుత జల్ది రా. విమానం తోక కింది చెక్క అరిగింది, చూసినవా?”

నేను చూడలేదు. రేపు చూడవచ్చు.