సముద్రపు రొయ్యల డబ్బా

ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. మనవరాలు పలక పట్టిన ఏడే నేనూ పట్టాను. అప్పటికి నాకు అరవై దాటాయి. అంతకు ముందు ఎక్కడ సంతకం అడిగినా బొటనవేలు చాపేదాన్ని. చిన్నప్పుడు బడిగంట కొట్టే వేళకు నేను నాంపల్లి స్టేషనులో చేపల తట్టల దగ్గర నిలబడి ఉండేదాన్ని. అయితే అక్షరాలు వచ్చాక కూడా కొన్నేళ్ళు ఇది రాయలేదు. రాయడం రాదన్న సాకు పోతే ఇంకో సాకు వెతుక్కున్నాను. మొన్న మా కోడలు రొయ్యలు ఒలిచి, ఉప్పూ పసుపూ రాసి, గిన్నె మీద మూత పెట్టి వెళ్ళింది. ఆ మూత తీసి వాసన చూశాను. ఇక సాకులు చాలనిపించింది.

అమ్మ చనిపోయిన మూడోనాడు, మా పాలమూరు పల్లెలో, ఊరి బయట పిట్టకు పెట్టారు. అమ్మకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడితే ఎంతసేపటికీ కాకి వాలలేదు. అమ్మ మనసులో ఏదో ఉండిపోయింది, చెప్పాల్సిన మాట చెప్పమన్నారు పెద్దలు. నాయిన ముందుకు వెళ్ళి, "పిల్ల ఫికర్ పెట్టుకోకు, నేను చూసుకుంట" అన్నాడు. అప్పుడు కాకి దిగింది. ఆ నెలలోనే నన్ను తీసుకుని పట్నం వచ్చాడు.

ఆబిడ్స్‌లో ఒక శాకాహార భోజన హోటలులో గిన్నెలు కడిగే పని దొరికింది. దాని యజమాని సుబ్బారాయుడుగారు రాష్ట్రాలు కలిసిన ఏడు బందరు వైపు నుంచి వచ్చినాయన. నెయ్యి కాగే వాసన, ఇంగువ తిరగమోత, తడి అరిటాకుల కుప్ప, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాపరాళ్ళ మీద బకెట్లతో కొట్టే నీళ్ళు, అదే నా బాల్యం. మెట్ల కింద గదిలో ఉండేవాళ్ళం. ఒకరోజు సాంబారు గుండిగ జారి నాయిన కుడిచెయ్యి కాలింది. పుండు మానింది గానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ చేత్తో గిన్నెలు తోమడం కుదరదు. వెళ్ళగొట్టకుండా సుబ్బారాయుడుగారు ఆయనకు చేపల తొట్టి అప్పగించారు.

గల్లా పెట్టె పక్కన నా ఎత్తు గాజు తొట్టి ఉండేది. అందులో నిజమైన సముద్రపు నీళ్ళు. బందరు నుంచి జాడీల్లో రైలు మీద వచ్చేవి. నాలుగు చేపలు: నలుపు పసుపు చారలవి రెండు, నీలంది ఒకటి, నారింజ రంగుది ఒకటి. నారింజదానికి నేను రాణి అని పేరు పెట్టాను. ఆదివారాలు ఎక్కడెక్కడి వాళ్ళో పిల్లల్ని వెంటపెట్టుకుని చేపల కోసమే భోజనానికి వచ్చేవాళ్ళు. ఆ పిల్లలు ముక్కులు ఆనించిన మచ్చల్ని సోమవారం పొద్దున నేను తుడిచేదాన్ని.

చిక్కంతా వాటి తిండి. అవి పచ్చి సముద్రపు రొయ్య తప్ప ముట్టవు. చెరువు రొయ్య పెడితే నోట్లోకి తీసుకుని ఊసేసేవి. శాకాహారపు హోటల్లో నీసు గడప దాటకూడదు. అందుకని నేను తెల్లవారుతూనే డాల్డా డబ్బా పట్టుకుని నాంపల్లి వెళ్ళి, కోస్తా బండిలో మంచూ ఊకా కప్పుకుని వచ్చిన తట్టల దగ్గర ఖాదర్ చాచా పక్కన నిలబడేదాన్ని. "జర ఆగు బేటీ, తట్ట దిగనీ. నీ చాపలు దావత్‌కు పోతయా ఏంది, గింత తొందర?" అని నవ్వుతూ గుప్పెడు పోసేవాడు. వెనక సందులో బండ మీద నేను రొయ్య పట్టుకుంటే నాయిన ఎడమచేత్తో కత్తి ఆడించి నువ్వుగింజంత ముక్కలు చేసేవాడు. తర్వాత ఇద్దరం నల్లా కింద తానం చేస్తేనే లోపలికి రానిచ్చేవాళ్ళు. మూడేళ్ళలో ఆ రొయ్యల్లో ఒక్కటీ మేము తినలేదు. చేపల నోటికాడిది తినొద్దని నాయిన ఒట్టు వేయించుకున్నాడు.

మూడో ఏడు వానాకాలం చివర కోస్తాలో తుఫాను వచ్చి పట్టాలు కొట్టుకుపోయాయి. బళ్ళు ఆగిపోయాయి. మొదటి రోజు ఖాళీ డబ్బాతో వచ్చాను. రెండో రోజు బేగంబజారు చేపల మార్కెట్టుకు వెళితే అన్నీ కొరమీనులే. మూడో రోజు ఉస్మాన్‌గంజ్‌లో ఎండు రొయ్యలు అడిగి తెచ్చి నానబెట్టాం. చేపలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. నాలుగో రోజుకి రాణి కదలకుండా ఒక మూల తేలుతూ ఉంది.

"మల్లయ్యా," అన్నారు సుబ్బారాయుడుగారు, "ఎల్లుండి ఆదివారం. నీ చెయ్యి చూసి ఈ పని పెట్టాను. అదీ చేతకాకపోతే నేనేం చెయ్యను చెప్పు? ఆ గదిలోకి ఇంకో పనివాణ్ణి పెట్టుకోవాలి."

నాయిన ముడుచుకున్న చెయ్యిని తువ్వాలు కింద దాచుకున్నాడు.

శనివారం పొద్దున గౌలిగూడ బస్టాండుకు వెళ్ళాను. రైలు లేకపోతే బస్సన్నా రాదా అని. ఏ బస్సు ఎక్కణ్ణించి వచ్చిందో బోర్డు చదవడం రాదు, అందుకని దిగే ప్రతి సామానూ వాసన చూస్తూ తిరిగాను. ఎంతో సేపటికి ఒకాయన దిగాడు, చేతిలో నీళ్ళు కారుతున్న గోనెసంచి. నీసు, మంచు, ఊక. ఆయన వెనకే నడిచాను. కోఠీ దాటి, ఆబిడ్స్ దాటి, నాంపల్లిలో ఒక సందులోకి తిరిగి ఒక ఇంట్లోకి వెళ్ళాడు. గేటు దగ్గర ఆగాను. పెరట్లో ఇల్లాలు సంచి విప్పి, రొయ్యలు ఒలవడం గేటు సందులోంచి కనిపిస్తూనే ఉంది. అడుక్కోవడం నాకు తెలియదు. చివరికి గేటు తోసి, మా చేపలకు నాలుగు రొయ్యలు ఇమ్మని అడిగేసరికి ఆమె ఉప్పూ పసుపూ వేసి కలిపేసింది.

"చేపలకా!" అని నవ్విందామె. "మా తమ్ముడు బస్సులో అంత దూరం మోసుకొచ్చింది చేపలకు పెట్టడానికటే? ఆకలైతే ఆకలని చెప్పాలి గానీ అబద్ధాలెందుకే పిచ్చిపిల్లా. ఇంద, పట్టు. నీసు పోయేలా రాసేశాను, కూర వండుకోవడమే."

రెండు గుప్పిళ్ళు పోసింది. ఏ పుణ్యాత్మురాలో, ఆమె తప్పేమీ లేదు. నేను వీధి నల్లా దగ్గర కూర్చుని ఒక్కొక్క రొయ్యనీ రుద్ది రుద్ది కడిగాను. ఉప్పు ఫరవాలేదు, సముద్రంలో ఉన్నదీ ఉప్పే అనుకున్నాను. పసుపు, మనకు దెబ్బ తగిలితే రాస్తారు కదా అనుకున్నాను. తెల్లగా అయ్యేదాకా కడిగాను.

నాయిన కత్తి ఆపి వేళ్ళు వాసన చూసుకున్నాడు. "పసుపు తీరుగ వాసనొస్తుందే బిడ్డా?"

"నా చెయ్యి వాసన నాయినా. పొద్దుగాల పసుపు నూరిన."

ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. చేపలు ఆవురావురుమని తిన్నాయి. రాణి మూలలోంచి ఈదుకుంటూ వచ్చి నా వేలి ఎదురుగా గాజు దగ్గర ఆగింది. నేను నవ్వాను. సాయంత్రం టిఫిన్ల వేళకు తొట్టిలో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. దీపాలు పెట్టేసరికి నాలుగూ వెల్లకిలా తేలాయి. పసుపే చంపిందో, అంత ఆకలి మీద ఒక్కసారిగా తిన్నందుకో, నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరినీ అడగలేదు.

"నా చెయ్యే ఖరాబు బాబూ," అన్నాడు నాయిన, సుబ్బారాయుడుగారు ఏమీ అడక్కముందే. "నీళ్ళు సరిగ మార్చలే." ఆయన కేకలెయ్యలేదు. రేపు గది ఖాళీ చెయ్యమని మెల్లగా చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. నాయిన నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఆ హోటలు లేదు. ఆ చోట ఫోన్లు అమ్ముతున్నారు. వెనక సందు మీదికి గోడ కట్టేశారు. నాంపల్లిలో ఊకా మంచూ కారే తట్టలు లేవు, జాడీల్లో దిగే సముద్రం లేదు. మా కోడలికి రొయ్యలు ఇంటికే వస్తాయి. నాయిన పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇక ఆ మర్నాటి పొద్దు ఒక్కటే చెప్పాల్సి ఉంది.

ఎవరూ చెప్పకుండానే డబ్బా పట్టుకుని స్టేషనుకు వెళ్ళాను. బండి వచ్చింది. "ఇన్ని దినాలది ఒక్కసారే తీస్కో బేటీ, నీ చాపలు ఎట్లున్నయ్?" అన్నాడు ఖాదర్ చాచా, డబ్బా అంచుదాకా నింపుతూ. మంచిగున్నయి అన్నాను. తిరిగి వచ్చేసరికి తొట్టి ఖాళీ చేసి తుడిచి బోర్లించారు. వెనక సందులో కూర్చుని అన్ని రొయ్యలూ ఒలిచి, నువ్వుగింజంత ముక్కలు నా చేత్తోనే చేశాను. లోపలి నుంచి కొత్త విస్తరి ఒకటి తెచ్చి, ముక్కలన్నీ అందులో పోసి, గోడ మీద పెట్టి దూరం జరిగాను. కాకులు ఎదురు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు ముందుకు వెళ్ళి, పైకే, గట్టిగా చెప్పాను.

"నా చెయ్యి వాసన కాదు. రొయ్యలకే పసుపుండె. నాకెరుకే."

వెనక ఏదో కదిలితే తిరిగి చూశాను. నాయిన మూట భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో. నన్ను దాటి గోడ వైపు చూస్తున్నాడు.

"ముట్టింది బిడ్డా," అన్నాడు. "ఇగ నడువు."