తిరిగి వెళ్లిన గుమ్మడికాయ

మొన్న మా మనవరాలు, కొత్తగా ఆఫీసరైన పిల్ల, గుమ్మంలోకి ఎవరో అర్జీదారు పట్టుకొచ్చిన మిఠాయి పొట్లాన్ని తిప్పి పంపేసింది. "బాగా చేశాను కదూ మామ్మా?" అంది. బాగానే చేసింది, కాదనను. నా చేతిలో కాఫీ మాత్రం అలాగే చల్లారిపోయింది.

జమీందారీలు పోయిన కొత్తల్లో మా ఆయన రాయగడలో భూముల తగాదాలు తీర్చే ఆఫీసుకి పెద్దగా వెళ్లారు. అర్జీ పెట్టుకునే ప్రతివాడూ కోడో, తేనో, కాయో పట్టుకొచ్చేవాడు. దివాణాల నాటి అలవాటది, భేటీ అనేవారు. గుమస్తాలు కోడి బరువు చూసి కాగితం కదిపేవారు. ఈయన వెళ్లగానే వాళ్ల బల్లలన్నీ గదుల్లోంచి వరండాలోకి లాగించారు. ఎవరి అర్జీ అయినా పదిమంది ముందూ పైకి చదవాల్సిందే. ఏ వస్తువూ గేటు దాటి రాకూడదు, ముందు మన వంటింటి నుంచే మొదలన్నారు. దివాణం ఉద్యోగస్థుడి ఇల్లాలిగా దర్జాగా బతికిన మా అత్తగారు మూతి ముడిచారు. "ఏటిరా ఇది! మీ నాన్న ఉన్నన్నాళ్లూ మనం కూరగాయ కొన్న పాపాన పోలేదు," అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయనకేం, సంతలో వంకాయలు బేరమాడలేక నా నోరు పడిపోయేది.

గుడారి అనే ఊరికి అవతల, కొండ పల్లె ముసలాయన ఒకడుండేవాడు. గెడ్డ ఒడ్డున అతని పొలాన్ని షావుకారు తనదంటున్నాడు. "కాగితాలన్నీ చూశాను, పొలం ముసలాయనదే," అని మా ఆయన నాతో కూడా అన్నారు. విచారణ రోజున మనిషి వచ్చి నాది అని చెప్పుకోవాలి, అంతే. ఈలోగా అతను గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. "అయ్యగారు పుచ్చుకోరు తాతా, పట్టుకెళిపో," అన్నాడు బంట్రోతు. ముసలాయన మెట్ల మీదున్న మా ఇద్దరివైపు ఓసారి చూసి, కాయ మళ్లీ నెత్తికెత్తుకుని వెళ్లిపోయాడు.

విచారణకి రాలేదు. వాయిదా వేశారు, అప్పుడూ రాలేదు. మనిషిని పంపితే, ఇంటికి తడిక కట్టేసి ఉందిట. ఇంటిల్లిపాదీ అస్సాం తేయాకు తోటలకి పోయారుట. పొలం షావుకారుకి దక్కింది, మా ఆయన సంతకంతోనే.

భోజనాల దగ్గర ఈ సంగతి విని అత్తగారు, "కాయ తిప్పి పంపేవా? దివాణంలో అర్జీ కొట్టేస్తేనే భేటీ వెనక్కిచ్చేవారురా. నువ్వు కాదన్నావనుకుని పోయేడు, పాపం," అన్నారు. ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. లేచి మజ్జిగ వడ్డించాను.

నియమాన్ని ఆయన సడలించలేదు. కాకపోతే ఆపైన ఏది తిప్పి పంపినా తనే మెట్లు దిగి వెళ్లి, "నీ అర్జీ నా దగ్గరే ఉంది. ఇది వద్దు, నువ్వు మాత్రం రా," అని వాళ్ల భాషలో చెప్పేవారు. రిటైరయ్యేదాకా అంతే.

"పంపేశావు సరే అమ్మీ, అతని కాగితం చూస్తానని చెప్పావా?" అన్నాను మనవరాలితో. ఏళ్లన్నీ ఎటు పోయాయో గానీ, ఆ ముసలాయన మాత్రం నెత్తిన కాయతో మా గేటు దాటి ఇంకా వెళ్తూనే ఉన్నాడు.