గవ్వ పడుకున్న గొంగళి

సోములు కన్నుమూసిన ఏడు అతని చోడిచేను, అదే రాగిచేను, విరగపండింది. అరవై ఎనిమిదో సంవత్సరం అది. చీపురుపల్లికి పడమరగా ఉన్న మా ఊళ్లో మెట్ట పొలాలన్నీ కొండవారనే ఉంటాయి. వెన్ను గట్టిపడే వేళకి కొండ మీంచి పందులు దిగుతాయి. అందుకని సోములు పొద్దుగూకగానే నల్ల గొంగళి భుజాన వేసుకుని కాపలాకి మంచె మీదికి పోయేవాడు. వెనకాలే అతని కుక్క గవ్వ. తెల్లటి ఒళ్లు, పల్చటి బొచ్చు, ఆ బొచ్చు కింద లేత గులాబీ రంగు చర్మం. పేరు అందుకే పెట్టాడు.

ఒక ఉదయం గవ్వ ఒక్కతే ఇంటికి వచ్చింది. వాకిట్లో కళ్లాపి చల్లుతున్న దేముడమ్మ చీర చెరగు పట్టి లాగింది. ఆమె కసిరింది. అది వదల్లేదు. పేడనీళ్ల చట్టి చేతిలో ఉండగానే ఆమె దాని వెంట పొలానికి నడిచింది. మొగుడు మంచెకి కాస్త ఎడంగా గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందని తర్వాత అందరూ అన్నారు.

వాళ్లకి పిల్లలు లేరు. మరిది చినబాబుకి ఊహ తెలియకముందే తల్లి పోతే, కొత్తగా కాపురానికి వచ్చిన దేముడమ్మే అతన్ని పెంచింది. ఇప్పుడు అతను పెళ్లాంతో అదే ఇంట్లో రెండో వైపు ఉంటున్నాడు. దేముడమ్మ మొదటినుంచీ మాట తక్కువ మనిషి. మా పెరటి గోడ అవతలే ఆమె ఇల్లయినా, ఆమె ఏడుపు మాకు వినిపించలేదు.

మా వైపు మనిషి పోతే అతను పడుకున్న బట్ట ఇంట్లో ఉంచరు. పెద్దకర్మ నాడు చాప, దుప్పటి, తలకింద గుడ్డ అన్నీ చాకలికి ఇచ్చేస్తారు. అది చాకలి హక్కు. ఉంచుకుంటే పోయినవాడికి ఇంటితో బంధం తెగదని పెద్దల మాట. ఆ రోజు చాకలి తవిటమ్మ మూట కట్టుకుంటూ గొంగళి ఏదని అడిగింది. మంచె మీదే ఉండిపోయిందని, వెళ్లి చూసేసరికి ఎవరో పట్టుకుపోయారని దేముడమ్మ చెప్పింది. తవిటమ్మ మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

గొంగళి గాదె వెనక ఉంది. గడ్డికని వెళ్లి, మోపు మధ్యలో పెట్టుకుని దేముడమ్మే దాన్ని ఇంటికి చేర్చింది. ధాన్యం గాదెకీ గోడకీ మధ్య మనిషి ఒదిగి కూర్చునేంత సందు ఉండేది. మధ్యాహ్నం పని తీరాక ఆమె అక్కడికి వెళ్లి కూర్చునేది. గొంగళిలో చుట్టపొగ వాసన, చెమట వాసన, మంచె కింద వేసుకున్న మంట వాసన ఇంకా ఉన్నాయి. గవ్వ ఆమెకంటే ముందే వచ్చి దాని మీద ముడుచుకుని పడుకుని ఉండేది. 

చలి తగ్గే రోజుల్లో గవ్వకి దురద పట్టుకుంది. మొదట తోక మొదట్లో, తర్వాత నడుం మీద. బొచ్చు పాయ తీసి చూస్తే ఆవగింజంత నల్లటి పురుగులు, వేలు పెట్టేలోగా గెంతి పారిపోయేవి. కుక్కలకి పురుగు పట్టడం వింత కాదు. వీధికుక్కలు గోక్కుని ఊరుకుంటాయి. గవ్వ ఒంటికి ఏదీ పడదు. ఒక్కటి కుట్టినా అరచేతి వెడల్పున ఎర్రగా పొంగేది. దాన్ని పళ్లతో కొరికి కొరికి పుండు చేసుకునేది.

ఆ ఏడే కొత్త పొట్టి వరితోపాటు దాని మీద చిమ్మే పురుగుల మందు పొడి కూడా ఊళ్లోకి వచ్చింది. చినబాబు గుప్పెడు పొడి తెచ్చి గవ్వ వీపంతా రుద్దాడు. మంచికే చేశాడు. సాయంత్రానికి దాని నోట నురగ వచ్చింది, కాళ్లు వణికాయి. దేముడమ్మ నూతి దగ్గర కూర్చుని చేద మీద చేద పోసి కడిగింది. ప్రాణం దక్కింది గానీ పొడి బాగా పట్టిన చోటల్లా తోలు ఊడింది. ఆ పొడిని ఆమె మళ్లీ గడప దాటనివ్వలేదు.

ఆ తర్వాత అంతా ఆమె చేతి వైద్యమే. వేపాకు కాచి, నీళ్లు పూర్తిగా చల్లారాక పాతగుడ్డ ముంచి దాని ఒళ్లు తుడిచేది. మా అమ్మ కానుగ నూనె ఇచ్చింది. నేరుగా రాస్తే చెవి వెనక కందిపోయింది. అప్పుడు నువ్వుల నూనెలో కాసిన్ని చుక్కలు కలిపి, ముందు తొడ మీద ఒక్కచోట రాసి, మర్నాటి దాకా చూసి, ఏమీ కాలేదని తెలిశాకే మిగతా ఒంటికి పట్టించింది. సీతాఫలం గింజల పొడి మంచిదని ఎవరో అన్నారు. కళ్లలో పడితే చూపు పోతుందని దాన్ని ముట్టుకోలేదు. పేలదువ్వెనతో రోజూ దువ్వి, చిక్కినవాటిని కుంకుడు నురగలో ముంచేది. ఇల్లంతా పేడతో అలికి, గోడవార బీటల్లో పొయ్యి బూడిద కూరేది. ఇంత చేసినా, పొద్దున కాస్త నెమ్మదించిన గవ్వ మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ గోక్కునేది.

ఇల్లంతా అలికేది గానీ గాదె వెనక మాత్రం అలకలేదు. గొంగళి కదపాల్సి వస్తుందని.

ఊళ్లో మాట ఇంకోలా సాగింది. కుక్కకి పట్టింది పురుగు కాదని, ఇల్లు వదల్లేని సోములే దాన్ని పట్టుకున్నాడని నూతి దగ్గర ఆడవాళ్లు అనుకునేవారు. దేముడమ్మ విననట్టే బిందె ఎత్తుకుని వచ్చేసేది.

చినబాబు భార్య బుజ్జమ్మకి నెలల పిల్ల. ఒక రోజు ఆ పిల్ల కాళ్ల మీద వరసగా ఎర్రటి దద్దుర్లు లేచాయి. బుజ్జమ్మ పోట్లాడలేదు. పిల్లని తెచ్చి దేముడమ్మ ఒళ్లో పడుకోబెట్టి, కాళ్లు చూపించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం చినబాబు అరుగు మీద కూర్చుని వదినతో తేల్చి చెప్పేశాడు.

"వొదినా, వచ్చే సంతకి గజపతినగరం బండి కడతన్నాను. గవ్వని ఎక్కించుకుపోయి ఆడే ఇడిసిపెట్టేస్తాను."

"దానికి దారి ఎరికే. తిరిగొచ్చేస్తాది."

"వస్తే మల్లీ తీసుకుపోతాను."

"ఆ సంత కుక్కలు దాన్ని సీల్సేస్తాయిరా. ఒంటి మీద తోలే నేదు దానికి."

"నా కూతురికి తోలున్నాది కదా వొదినా. అదీ ఊడిపోయేదాకా సూడమంటావేటి?"

 సంత వరకూ ఆగమని దేముడమ్మ అడిగింది. పశువుల సాలలో కట్టేస్తానని, పిల్ల ఉన్న వైపు రానివ్వనని మాట ఇచ్చింది.

సాలలోని పాతగడ్డి అంతా ఊడ్చి కాల్చింది. నేల అలికి, ఆరాక వావిలి రెమ్మలు పరిచి, పైన పాతచీర వేసి, గవ్వని అక్కడ కట్టింది. రోజూ రెమ్మలు మార్చేది, చీర ఉడకబెట్టేది. దువ్వడం, తుడవడం మానలేదు. సంత దగ్గరపడేసరికి గోకుడు తగ్గి పుళ్లు చెక్కు కట్టాయి. పిల్లకి మాత్రం ఇంకా అక్కడక్కడ దద్దుర్లు లేస్తూనే ఉన్నాయి. అది దేముడమ్మ గమనించకపోలేదు.

ఇక ఫరవాలేదని ఒక మధ్యాహ్నం తాడు విప్పింది. గవ్వ వాకిట్లో ఆగలేదు. నేరుగా గాదె వెనక్కి పోయింది. కాసేపటికి అది తొడ కొరుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

దేముడమ్మ వెళ్లి గొంగళి ఎత్తింది. కింద నేల మీద నల్లటి నలుసు రాలి ఉంది, నూరిన మిరియాల్లాగ. తడిగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. మట్టి కాదది. పురుగులు తాగి విడిచిన గవ్వ నెత్తురు. చూస్తూ ఉండగానే కొన్ని ఆమె పాదాల మీదికి గెంతాయి. తన పిక్కల మీదా అలాంటి మచ్చలే ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి గురించి ఆలోచించలేదు.

 అవతలి గదిలో బుజ్జమ్మ పిల్లని జోకొడుతోంది. గొంగళిని ఎండలో వేస్తే సరిపోతుందేమో అనుకుంది దేముడమ్మ. ఎండ పైపైనే తగులుతుంది, అంత మందం ఉన్నిలో గుడ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎటు తిప్పి చూసినా లెక్క ఒక్కటే. ఇది ఉంటే గవ్వ పోతుంది. గవ్వ ఉండాలంటే ఇది పోవాలి.

తవిటమ్మ రేవులో ఉంది. దేముడమ్మ గొంగళి తీసుకెళ్లి ఆమె ముందు పెట్టింది. తవిటమ్మ చేతులు తుడుచుకుని, అంచు పట్టి ఎత్తి చూసింది.

"పొలంలో పోనాదన్నావు."

"అన్నాను."

"దొంగ మంచోడే. తెచ్చి ఇచ్చినాడు, పైన పురుగుల్ని కూడా పెంచి ఇచ్చినాడు."

దేముడమ్మ నవ్వలేదు. గవ్వ సంగతీ, చినబాబు మాటా చెప్పింది. తవిటమ్మ వేళాకోళం మానేసింది.

"ఉడకేస్తే పురుగు సస్తాది, గుడ్డు సస్తాది. గొంగళీ సస్తాది, ఎరికేనా? ముడుసుకుపోయి సంటిపిల్ల గుడ్డంత అయిపోద్ది. సోములుబాబు వాసన పిసరంత మిగల్దు."

"ఉడకెయ్యి."

"ఓపాలి మొకానికి పెట్టుకుంటావేటి?"

"వొద్దు. పెట్టుకుంటే ఇవ్వలేను."

చౌడుమట్టి కలిపిన నీళ్లు బానలో మరుగుతున్నాయి. గొంగళి వెంటనే మునగలేదు. తవిటమ్మ కర్రతో అదిమి పట్టింది. నీళ్లు నల్లగా పొంగాయి. దేముడమ్మ ఒడ్డున నిలబడి, బాన కింద మంట సన్నగిల్లే దాకా కదల్లేదు.

ఇంటికి వచ్చి గాదె వెనక మరిగే నీళ్లు పోసింది. ఊడ్చింది, అలికింది, మూలల్లో బూడిద కొట్టింది. పురుగులు ఒక్క పూటలో పోలేదు. నేలలో మిగిలినవి పుడుతూనే ఉంటే, ఆమె రోజూ ఊడుస్తూనే ఉంది. సంత నాటి పొద్దున చినబాబు బండి కట్టి, పిల్ల కాళ్లు తిప్పి చూశాడు. కొత్త దద్దుర్లు లేవు. సాలలో ఉన్న గవ్వ వంక ఒకసారి చూశాడు. ఈపాలికి ఉండనీ, అని ఎద్దుల్ని అదిలించాడు.

తర్వాత తవిటమ్మ ఆరిన గొంగళి తెచ్చింది. అన్నట్టుగానే చిన్నదై, అట్టలా బిరుసెక్కింది. హక్కుకి అది తనదే అయినా, కావాలంటే ఉంచుకోమంది. దేముడమ్మ దాన్ని గవ్వ ముందు పరిచింది. గవ్వ ఒక అంచు నుంచి రెండో అంచు దాకా వాసన చూసింది. మళ్లీ మొదటి అంచుకి వచ్చింది. తర్వాత దాన్ని దాటుకుని గాదె వెనక్కి వెళ్లి వట్టి నేల మీద పడుకుంది.

దేముడమ్మ గొంగళి మడిచి తవిటమ్మ చేతిలో పెట్టింది.

ఇప్పుడు తవిటమ్మ దాన్ని చిన్న మడత చేసి, బట్టల మూట కింద నెత్తి మీద పెట్టుకుంటుంది. రోజూ మా వీధిలోంచే రేవుకి వెళుతుంది. అరుగు కింద పడుకున్న గవ్వ ఒంటి మీద మళ్లీ బొచ్చు వచ్చింది. తవిటమ్మ పోతుంటే అది తల ఎత్తదు. దేముడమ్మ మాత్రం చేటలో చోళ్లు చెరగడం ఆపి, ఆ మూట మలుపు తిరిగేదాకా చూస్తుంది.