గుండును బండ అని రాసిచ్చాను

ఎనభైల చివర్లో, యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో, నన్ను అసిస్టెంట్ జియాలజిస్టుగా జగిత్యాలలో వేశారు. ఎండిన బావుల్లోకి దిగి చూసి, ఇంకా తవ్వాలా, పేల్చాలా అన్నది రాసివ్వడం నా పని.

రాయికల్ దగ్గర రాజయ్య అనే రైతు బావి అడుగంటింది. పదిహేను రోజుల్లో నీళ్లు అందకపోతే పంట పోయినట్టే. లోతు చేస్తుంటే రాయి తగిలింది. నేను దిగి సుత్తితో కొడితే ఖంగుమంది. పరుపు బండ, అంటే అడుగంతా పరుచుకున్న రాయి, పేల్చాల్సిందే అన్నాను. బావులు తవ్వే వడ్డెర మేస్త్రి సాయిలు ఒప్పుకోలేదు.

"గిది బండ గాదు సారూ, గుండు. పక్కపొంటి మొరం మెత్తగున్నది, జర జూడుండ్రి."

అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎమ్మెస్సీ చదివినవాడికి ఇతను చెప్పేదేమిటని పైకొచ్చి, పేల్చాలని కాగితం రాసి సంతకం పెట్టేశాను.

నా మొహం! అతను చెప్పింది నేను చదువుకున్నదే. భూమి లోపల కరిగిన రాతిముద్ద లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారితే గ్రానైటు అవుతుంది. పైనున్న నేల కొట్టుకుపోయాక అది పగుళ్లిస్తుంది. పగుళ్లలోకి దిగిన నీరు ముందు మూలల్ని తింటుంది. తిన్నంత మేర పొడిపొడిగా మొరం అవుతుంది, నడుమ మిగిలింది గుండు. దాన్ని కొట్టినా ఖంగుమనే అంటుంది. నీళ్లుండేది దాని చుట్టూ ఉన్న మొరంలో.

అన్నలు, అంటే నక్సలైట్లు, రోడ్ల కింద మందుపాతరలు పెడుతున్న కాలం. రాళ్లు పేల్చే జిలెటిన్‌కు పోలీసుల పర్మిషన్ రావాలంటే నెలలు పట్టేది. రాజయ్య ఆగలేక, కోరుట్ల వైపు క్వారీలో తెలిసినవాణ్ని బతిమాలి నాలుగు కడ్డీలు తెస్తూ తనిఖీలో దొరికాడు. జేబులో నా కాగితం ఉంది. పోలీసులు వచ్చి అడిగితే, పేల్చాలని రాశాను గానీ దొంగచాటుగా తెమ్మనలేదన్నాను. అబద్ధం కాదు. బావి కోసమే తెచ్చి ఉంటాడన్న ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు. భయపడ్డాను.

ఈలోగా సాయిలు గుండు పక్క నుంచి తవ్వుకుంటూ పోయాడు. రెండో రోజుకే జల ఊరింది. రాజయ్య భార్య పొలానికి నీళ్లు పెట్టుకుంది, పంట నిలిచింది.

కోతల సమయానికి రాజయ్యను వదిలారు. నేను వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. స్టేషన్‌లో తిన్న దెబ్బలకు కుడిచేతి వేళ్లు కొడవలి పిడి మీద ముడుచుకోవడం లేదు. రాయి ఊసే ఎత్తలేదు.

"బాయికే తెచ్చిండని గొక్క మాటంటే మీదేం పోతుండె సారూ?" అన్నాడు.



సిరిసిల్లకు బదిలీ అయ్యాక కూడా, నాలుగు పక్కలా తవ్వించి చూడందే బండ అని రాయలేదు. బావి తవ్వేవాడి మాట రిపోర్టులో చేర్చేవాణ్ని. అది పనిలో నేర్చుకున్నది. నేను రాసిన తప్పును సాయిలు రెండు రోజుల్లో సరిచేశాడు. నేను చెప్పకుండా మింగిన మాటను సరిచేసే మేస్త్రి ఎవరూ దొరకలేదు.