కౌంటర్ దగ్గర చెప్పిన పేరు

హవాయి వెళ్దామన్నది మా ఆయన. ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన వారానికే టికెట్లు బుక్ చేసేశారు. ఫోన్‌లో అమ్మ లబలబలాడింది. "పచ్చి బాలింతని అంతంతసేపు విమానంలో కూర్చోబెడతాడా? బుద్ధుందా అతనికి?" అంది. బాలింత అన్న మాట నోరు జారినందుకు నాలిక్కరుచుకుని, "సరే, చెవులకి ఏదైనా కట్టుకో" అని ఫోన్ పెట్టేసింది. డాక్టరు పర్వాలేదంది. నేను కాదనలేదు, ఔననలేదు. జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో గోడ చూస్తూ కూర్చోవడమూ, అక్కడెక్కడో సముద్రం చూస్తూ కూర్చోవడమూ నాకు ఒకటే.

మా పాప పుట్టింది కానీ ఊపిరి తీయలేదు. ఆ రోజు ఫారం పట్టుకొచ్చిన నర్సు, పాప పేరేమిటని అడిగింది. "మాలో ఇరవై ఒకటో రోజున పెడతాం" అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోటికి. పుట్టకముందు పేరు అనుకోకూడదు, ఉయ్యాల కొనకూడదు, చొక్కా కుట్టకూడదు అంటూ పెంచారుగా మమ్మల్ని! ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేసింది. నా నోటితో నేనే నా కూతురికి పేరు లేకుండా చేశాను. అదొక్కటే లోపల గుచ్చుకునేది. మిగతా ఒళ్లంతా మొద్దుబారిపోయింది. ఆ తర్వాత పాప మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఏమని ఎత్తాలి?

దీవిలో మొదటి మూడు రోజులూ ఆయన నన్ను అగ్నిపర్వతాల చుట్టూ తిప్పారు. గంటగంటకీ ఏం చూడాలో ప్రింటౌట్లు తీసుకొచ్చారు. నల్లటి నేలలోంచి పొగలు వస్తుంటే పక్కనున్నవాళ్లు కేరింతలు కొడుతున్నారు. నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను.

"బాగుంది కదా?" అన్నారు.

"ఊఁ" అన్నాను. మా సంసారం అప్పుడు ఆ ఊఁ మీదే నడుస్తోంది.

నాలుగో రోజు కొండ దిగి ఒక చిన్న ఊరికి వెళ్లాం. ఊరంతా ఒకటే వీధి. చెక్క దుకాణాలు, రేకు కప్పులు, రంగు వెలిసిన పాత సినిమా హాలు. వాన కురుస్తూనే ఉంది, ఎండ కాస్తూనే ఉంది. రోడ్డు మీద కోడి ఒకటి పిల్లల్నేసుకుని దర్జాగా తిరుగుతోంది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది. ఇంకో రోజైతే ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఫోటో తీయమని ఆయన ప్రాణం తీసేదాన్ని. ఆ రోజు కెమెరా బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

మన బోండాల్లా ఉండి, పైన పంచదార అద్దినవేవో వేడివేడిగా వేయించి అమ్ముతున్న దుకాణం ముందు లైనులో నిలబడ్డాం. డబ్బు తీసుకుని, పేరడిగి కాగితం సంచి మీద రాసి, అవి వేగాక ఆ పేరుతో పిలుస్తున్నారు. ఇలాంటి చోట మా ఆయన ఎప్పుడూ రెండక్షరాల అమెరికన్ పేరొకటి చెప్తారు. మనవాళ్లందరం చేసే పనే. అసలు పేరు చెబితే దాన్ని విడమరచి చెప్పేసరికి కాఫీ చల్లారిపోతుంది.

కౌంటర్‌లో ముసలావిడ మార్కర్ మూత తీసి, "నేమ్, హనీ?" అంది.

ఆయన ఒక పేరు చెప్పారు. రోజూ చెప్పే పేరు కాదు, ఆయనదీ కాదు, నాదీ కాదు. ఆడపిల్ల పేరు.

"హౌ డూ యూ స్పెల్ దట్?"

వెనక లైను పెరుగుతున్నా ఆయన ఒక్కో అక్షరమే మెల్లగా చెప్పారు.

బల్ల దగ్గర కూర్చున్నాక, "ఎవరి పేరండీ అది?" అన్నాను. తెలిసే అడిగాను.

ఆయన నాప్‌కిన్ మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు. "ఇవాళ ట్వంటీ ఫస్ట్ డే. ఆ నర్స్‌తో చెప్పావుగా నువ్వు. ఇవాళ ఆ ఇంట్లో ఉండటం నా వల్ల కాదనిపించింది. అందుకే ఈ డేట్స్ బుక్ చేశా."

నేను రోజులు లెక్కపెట్టలేదు. ఛీ, కన్నతల్లిని, నేను లెక్కపెట్టలేదు.

"ఎప్పుడనుకున్నారు ఆ పేరు?"

"ఐదో నెలలోనే. ముందే అనుకోకూడదంటావని నీకు చెప్పలేదు."

అంతలో కౌంటర్‌లో ఆవిడ ఆ పేరుతో పిలిచింది. మొదటి అక్షరం ఒత్తి, చివరిది మింగేసి. ఎవరూ కదల్లేదు. ఆయన తలొంచుకునే ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి. ఆవిడ మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా, వీధిలో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి కేకేసినట్టు.

"వస్తున్నాం" అని తెలుగులోనే అని లేచాను. అప్పటికే నా కళ్లకి ఏమీ కనిపించడం లేదు. తడుముకుంటూ వెళ్లి, పేరు రాసున్న ఆ సంచిని రెండు చేతులతో అందుకున్నాను. వెచ్చగా ఉంది.